ఇల్లు కట్టి చూడు, ఆట కట్టి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇప్పుడా సామెత పక్కన మూడో ముక్క కూడా చేర్చుకోవచ్చు - వీడియో గేమ్ తయారుచేసి చూడు అని. మొదటి రెండూ మహా అయితే ఒక కుటుంబాన్ని అప్పుల్లోకి దింపుతాయి. ఈ మూడోది ఏళ్ళ తరబడి నడుస్తున్న స్టూడియోలకే తాళాలు వేయిస్తోంది.

“పిల్లలాడుకునే ఆటకి అంత ఖర్చేమిటండీ, విడ్డూరం కాకపోతే!” అంటారేమో. ఆ విడ్డూరం సంగతే చెప్పబోతున్నాను.

ఈ కంపెనీలు మామూలుగా తమ ఖర్చులు బయటపెట్టవు. పెళ్ళివారు కట్నం సంగతి దాచినట్టు దాస్తాయి. అయితే 2023 జూన్‌లో ఓ తమాషా జరిగింది. మైక్రోసాఫ్ట్ కంపెనీ ఏక్టివిజన్ బ్లిజర్డ్ అనే పెద్ద గేముల కంపెనీని కొనబోతుంటే, అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి అడ్డం చెప్పి కోర్టుకెక్కింది. ఆ వ్యవహారంలో సోనీ కంపెనీవి కొన్ని కాగితాలు దాఖలయ్యాయి. అందులో రహస్యమనుకున్న అంకెల్ని మార్కర్ పెన్నుతో నల్లగా కొట్టేశారు. తీరా స్కాన్ చేసేసరికి ఆ నలుపు కిందనుంచి అంకెలు శుభ్రంగా కనిపించాయి! కొత్త చీర ధర చీటీ మీద పెన్నుతో గీకేసి, తక్కువకే వచ్చిందని ఇంట్లో చెబితే, ఆడపడుచు ఆ చీటీని వెలుతురుకి పట్టి చూసినట్టయింది వాళ్ళ పని.

ఇంతకీ ఆ నలుపు కింద ఏముందంటే - 2020లో వచ్చిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ అనే ఆటకి 22 కోట్ల డాలర్లు. 2023 నాటి మారకం ధరలో సుమారు 1,800 కోట్ల రూపాయలు. పని ముమ్మరంగా సాగినప్పుడు 200 మంది పనిచేశారు. ఆరేళ్ళకి కాస్త తక్కువ పట్టింది. 2022లో వచ్చిన ‘హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్’ అనే మరో ఆటకి 21 కోట్ల 20 లక్షల డాలర్లు, 300 మంది, అయిదేళ్ళు. టీవీకి ప్లేస్టేషన్ పెట్టె తగిలించి, చేతిలో మీటలు పట్టుకుని పిల్లలు ఆడుతుంటారే, ఆ బాపతు ఆటలివి.

ఎప్పుడూ ఇంతేనా అంటే, కాదు. 1980లో జపాన్‌లో నామ్‌కో కంపెనీ ‘పాక్‌మాన్’ అనే ఆట తెచ్చింది. పసుపుపచ్చని గుండ్రటి బొమ్మ నోరు తెరుచుకుంటూ చుక్కల్ని మింగుతూ పోతుంది, దయ్యాలు దాన్ని తరుముతాయి. అంతే ఆట. దాన్ని తయారుచేసింది గట్టిగా పదిమంది కూడా లేరు. టోరు ఇవాటానీ అనే కుర్రవాడు దాన్ని ఎందుకు ఊహించాడో తెలిస్తే మీకు ముచ్చటేస్తుంది. అప్పటి ఆటల దుకాణాల్లో అన్నీ తుపాకులు, యుద్ధాలు. మగపిల్లలు తప్ప ఆ గుమ్మం ఎవరూ తొక్కేవారు కాదు. ఆడవాళ్ళు కూడా రావాలి, వాళ్ళకి నచ్చేదేమిటి అని ఆలోచించి, తినడం మీద ఆట కట్టాడాయన. ఆడవాళ్ళనగానే తిండే గుర్తొచ్చిందా నాయనా అని మనం నొచ్చుకోవచ్చుగాని, ‘ఈ గదిలోకి ఎవరు రావడంలేదు, ఎందుకు రావడంలేదు?’ అని ఒక మనిషి ఆగి ఆలోచించాడు చూశారూ, అది గొప్ప. ఆ ఆలోచనకి ఖర్చు లేదు. ఆట ప్రపంచమంతా ఆడింది.

మరి పదిమంది మూడు వందలెలా అయ్యారు? లెక్క చాలా సులువు. సినిమా తీసేవాళ్ళు అడవి కావాలంటే అడవికి వెళ్తారు. ఆటలో అడవి కావాలంటే ఎవరో ఒకరు ప్రతి చెట్టూ గీయాలి. చెట్టు బెరడు, ఆకు మీద తడి, నడిస్తే బురదలో పడే అడుగు - అన్నీ మనుషులు కూచుని చెయ్యాల్సిందే. టీవీలు పెద్దవై, బొమ్మ స్పష్టమైనకొద్దీ, ఇదివరకు పది గీతలతో పోయే గోడకి ఇప్పుడు ప్రతి ఇటుకా, ఇటుక మీది నాచూ చూపించాలి. ఒక మనిషికి నెలకి అన్ని ఖర్చులూ కలిపి 10 వేల డాలర్లనుకుందాం. అమెరికాలో అదేం ఎక్కువ కాదు. 200 మందికి నెలకి 20 లక్షలు. అయిదేళ్ళకి 12 కోట్లు. ఇక నటులు, సంగీతం, బయట కంపెనీలకిచ్చే పనులు దీనిమీద. అంటే ఖర్చంతా దాదాపు జీతాలే. కాబట్టి “డబ్బు తగలేస్తున్నారు” అని ఒక్కమాటలో తీసిపారెయ్యడానికి లేదు. ఆ డబ్బుతో మూడు వందల ఇళ్ళల్లో పొయ్యి వెలుగుతోంది.

మరి ఆ ఖర్చు రాబట్టాలిగా! అక్కడి ధర 2005 ప్రాంతంలో 60 డాలర్లు. అన్ని సరుకుల ధరలూ పెరుగుతున్నా అది మాత్రం పదిహేనేళ్ళు కదల్లేదు. 2020 నుంచి 70 అయింది. 2025లో నింటెండో వాళ్ళు ‘మారియో కార్ట్ వరల్డ్’కి 80 పెట్టారు. మన దగ్గర ఇలాంటి పెద్ద ఆట ఒక్కటి కొనాలంటే సుమారు 5,000 రూపాయలు వదులుతుంది. పిల్లవాడు అడిగేసరికి గుండె గుభేలుమనడం సహజం.

డబ్బు సంగతి అలా ఉంచి, అసలు సంగతికొద్దాం. ఆ డబ్బు దేన్ని కొంది? ‘హొరైజన్’ తీసుకోండి. కథానాయిక ఏలాయ్ అనే అమ్మాయి. విల్లు పట్టుకుని, మృగాల్లాంటి యంత్రాలతో పోరాడుతుంది. ఆ ఆట దృశ్యాలు చూసి జనం విడ్డూరంగా చెప్పుకున్నదేమిటో తెలుసా? ఏలాయ్ చెంపమీద సన్నని నూగు వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయని! ఆడపిల్ల ముఖానికి నూగు ఉంటుందా అని కొందరు మగరాయుళ్ళు తగాదా కూడా వేసుకున్నారు. నూగు చూపించడం మంచిదే. సినిమా తారలకి కూడా దక్కని న్యాయం ఆ బొమ్మకి దక్కింది. కాని ఆ నూగు గల అమ్మాయి చేత ఆట ఏం చేయిస్తుంది? పటం మీద ఫలానాచోట గుర్తు ఉందంటుంది, అక్కడికి వెళ్ళమంటుంది, ఉన్నదాన్ని కొట్టమంటుంది, రాలినవి ఏరుకోమంటుంది. మళ్ళీ ఇంకో గుర్తు. ఇది ‘హొరైజన్’ ఒక్కదాని దోషం కాదు. ఇంత ఖర్చుతో వచ్చే ఆటల్లో సగానికి పైగా చేయించేదిదే. కళ్ళకి కట్టిన పండుగ, చేతులకి వచ్చేసరికి రోజూ చేసే అంట్లపనే.

నేను గమనించినంతలో ఈ ఆటల రహస్యం ఇక్కడే ఉంది. కథ చదువుతాం, సినిమా చూస్తాం, ఆట మాత్రం ఆడతాం. చెప్పదల్చుకున్నది మన చేతుల చేత చేయించి చెప్పగలగడం ఒక్క ఆటకే ఉన్న విద్య. కంటికి కనిపించేదంతా డబ్బుతో కొనొచ్చు. చేతికి ఏం పని చెప్పాలన్నది మాత్రం ఎన్ని కోట్లు పోసినా రాదు, ఎవరికో తట్టాలి.

న్యాయంగా మాట్లాడాలంటే, డబ్బున్న ఆటలన్నీ బుద్ధిలేనివని కాదు. ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’నే చూడండి. తండ్రిలాంటి వాణ్ణి చంపారని ఎల్లీ అనే అమ్మాయి పగబట్టి బయల్దేరుతుంది. దారిలో మనచేత ఎంతమందినో చంపిస్తుంది. చచ్చినవాణ్ణి వాడి నేస్తం పేరు పెట్టి పిలిచి ఏడుస్తాడు. శత్రువుకీ ఓ పేరుందని అప్పుడు మనకి తెలుస్తుంది. సగం ఆట అయ్యాక ఆ హంతకురాలి వేషం మనకే తగిలించి, ఇప్పుడు ఆమె తరఫున ఆడమంటుంది! మనం అసహ్యించుకున్న మనిషి చేతులే మన చేతులవుతాయి. ఇది సాహసం, సందేహం లేదు. కాని ఒక్కటి గమనించాలి. ఇది రెండో భాగం. మొదటి భాగం 2013లో వచ్చి బ్రహ్మాండంగా అమ్ముడయింది కనక దీనికా స్వేచ్ఛ దక్కింది. పెద్దకోడలు మెప్పు పొందిన ఇంట్లోనే చిన్నకోడలు కాస్త గట్టిగా మాట్లాడగలదు. అదే కథని, అదే ఖర్చుతో, మొదటిసారే తీస్తామంటే డబ్బు పెట్టే పెద్దమనిషి ఒప్పుకునేవాడేనా?

ఒప్పుకోడు. ఎంత చెట్టుకి అంత గాలి. ఖర్చు పెరిగినకొద్దీ భయం పెరుగుతుంది. భయం పట్టుకున్నవాడు కిందటేడు మెచ్చిన కూరే మళ్ళీ వండుతాడు. అందుకే ఈనాటి పెద్ద ఆటల పేర్ల చివర 2, 3, 6 అని అంకెలు. ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ అనే యుద్ధం ఆట సంక్రాంతిలా ఏటేటా వస్తుంది. 2020లో వచ్చిన దానికి విడుదల తర్వాత చేసిన పనితో కలిపి 70 కోట్ల డాలర్లు ఖర్చయిందని ఆ కంపెనీ ఉద్యోగే ఒకాయన కోర్టుకిచ్చిన పత్రంలో చెప్పాడు. తుపాకీ పట్టుకున్న చెయ్యి మాత్రం పాతదే.

అంత ఖర్చూ ఎవరికి కనబడుతోంది? ఈ ప్రశ్న వేసింది నేను కాదు, ఆటలు తయారుచేసేవాళ్ళే. 2023లో ‘స్పైడర్‌మాన్ 2’ వచ్చింది. 2018లో వచ్చిన మొదటిదానికి దాదాపు మూడింతలు, 30 కోట్ల డాలర్ల దరిదాపుల్లో, ఖర్చయింది. ఆ డిసెంబరులో దొంగలెవరో ఆ స్టూడియో కంప్యూటర్లలో జొరబడి లోపలి కాగితాలు బయటపెట్టారు. మూడింతల ఖర్చు ఆడేవాళ్ళకి నిజంగా తెలుస్తోందా అని ఆ కాగితాల్లో వాళ్ళే వాళ్ళని అడుక్కున్నారు. చారాణా కోడికి బారాణా మసాలా అంటారు హైదరాబాదులో. వండినవాడికే ఆ అనుమానం వచ్చిందంటే తినేవాడి సంగతి చెప్పాలా?

ఇక భయపడి, పదిమందీ నడిచిన దారిలోనే నడిచినా గండం తప్పుతుందన్న భరోసా లేదు. సోనీ వాళ్ళదే ‘కాంకార్డ్’ అని ఒక ఆట 2024 ఆగస్టు 23న వచ్చింది. జట్లు కట్టి కాల్చుకునే ఆట. అలాంటివి అప్పటికే బజారులో బోలెడున్నాయి. అవెలా ఉన్నాయో ఇదీ అలాగే ఉంది. జనం కొనలేదు. సెప్టెంబరు 6న ఆట తీసేసి, కొన్నవాళ్ళ డబ్బు వాపసు చేసేశారు. ఏళ్ళ తరబడి చేసిన పని రెండు వారాలు బతికింది! అక్టోబరులో ఆ స్టూడియోనే మూసేశారు.

ఈ జబ్బు ఇవాళ పుట్టింది కూడా కాదు. 1982లో అటారీ అనే అమెరికా కంపెనీ ‘ఈ.టీ.’ సినిమా పేరు వాడుకునే హక్కుకి రెండు కోట్ల డాలర్లకి పైనే పోసిందంటారు. ఆట తయారుచెయ్యడానికి మాత్రం ఒక్క మనిషికి అయిదు వారాల గడువిచ్చారు. పెళ్ళిపందిరికి లక్షలు పోసి, వంటవాడికి ఒక పూట టైమిచ్చినట్టు! అమ్ముడుపోని సరుకుని 1983లో న్యూమెక్సికో ఎడారి ఊళ్ళో గొయ్యి తీసి పాతిపెట్టారు. 2014లో తవ్వి చూస్తే పెట్టెలు బయటపడ్డాయి. అప్పుడు పేరుకి పోశారు, ఇప్పుడు మెరుగుకి పోస్తున్నారు. ఆలోచనకి మిగిల్చేది అప్పుడూ ఇప్పుడూ తక్కువే.

ఈ లెక్కల్లో ఎక్కడా కనబడని ఖర్చు ఒకటుంది. అది మనబోటి వాళ్ళకి బాగా తెలిసినదే. 2004 నవంబరులో అమెరికాలో ఒక ఉత్తరం పెద్ద సంచలనం కలిగించింది. రాసినామె పేరు పెట్టలేదు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే పెద్ద గేముల కంపెనీలో పనిచేసే ఒకాయన ఇంటి మనిషినని మాత్రం చెప్పుకుంది. పొద్దున తొమ్మిదికి వెళ్ళి రాత్రి పదికి రావడం, వారానికి ఏడు రోజులూ అదే, అదనపు జీతం లేదు, వచ్చిన మనిషికి తలనొప్పి, కడుపులో మంట - ఇలా ఇంట్లో కూచుని ఎదురుచూసే మనిషి కళ్ళతో లెక్క రాసింది. ఆమె పేరు ఎరిన్ హాఫ్‌మన్ అని తర్వాత తెలిసింది. ఆయనతో అప్పటికింకా పెళ్ళి కూడా కాలేదు. ఆ కంపెనీ ఉద్యోగులు వేసిన రెండు దావాలు ఒక్కొక్కటి కోటిన్నర డాలర్ల ప్రాంతంలో రాజీ అయ్యాయి. నిపుణులెంతమందో రాసిన విమర్శలకంటే, భోజనం వేళకి ఇంటికి రాని మనిషిని గురించి ఒక ఆడకూతురు రాసిన ఆ ఉత్తరమే ఈ పరిశ్రమ మీద వచ్చిన అసలైన విమర్శ అని నాకనిపిస్తుంది.

ఆ కంపెనీకి మన హైదరాబాదులోనూ స్టూడియో ఉంది. మన పిల్లలు ఎంతోమంది ఇక్కడా బెంగుళూరు, పుణేల్లోనూ ఈ పనిలో ఉన్నారు. అంచేత ఇదంతా ఎక్కడో అమెరికా గొడవలే అని ఊరుకోలేం. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేముల విభాగంలో 1,900 మందిని, ఫిబ్రవరిలో సోనీ 900 మందిని తీసేశాయి. తీసేసినవాళ్ళలో హిట్టయిన ఆటలకి పనిచేసినవాళ్ళు కూడా ఉన్నారు. ఆట తప్పినా కొలువు పోతుంది, నెగ్గినా పోతుంది. అది అన్నిటికన్న బాధ.

ఇంత చీకటి చెప్పి ఊరుకుంటే పాపం. రెండు చిన్న ఆటల సంగతి చెబుతాను. రెండూ మనం ఆడదగ్గవే.

మొదటిది ‘అన్‌ప్యాకింగ్’. 2021లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో విచ్‌బీమ్ అనే చిన్న బృందం చేసింది. ఇల్లు మారినప్పుడు అట్టపెట్టెలు విప్పి సామాను సర్దుకోవడం - అదే ఆట! “రోజూ చేసే పనే కదా, దానికి ఆటెందుకు?” అనకండి. 1997లో ఒక చిన్నపిల్ల తనకి ప్రత్యేకంగా దొరికిన గదిలో బొమ్మలు సర్దుకుంటుంది. 2004లో కాలేజీ గది. 2007లో స్నేహితులతో పంచుకున్న ఇల్లు. ఇలా 2018 దాకా ఎనిమిది మకాములు. ఆ పిల్ల మన ముందుకి ఒక్కసారీ రాదు. ఆమె సామానే ఆమె కథ. ఏది పారేసింది, ఏది చిన్నప్పటినుంచీ వెంట తెచ్చుకుంటోంది, అన్నీ మనకే తెలుస్తాయి.

2010లో ఆమె ఒకతనితో కాపురానికి వెళుతుంది. నున్నటి, నాజూకైన ఫ్లాటు. అన్ని అరల్లోనూ అప్పటికే అతని వస్తువులు. వాటిని పక్కకి జరుపుతూ జరుపుతూ మనం ఆమె గిన్నెలూ పుస్తకాలూ ఇరికిస్తాం. చివరికి ఆమె డిగ్రీ పటం చేతిలో మిగిలిపోతుంది. గోడమీద చోటు లేదు. వంటింట్లో పెట్టి చూస్తాం, హాల్లో పెట్టి చూస్తాం. ఎక్కడా కుదరదు. ఆఖరికి మంచం కిందికి తోస్తేనే ఆట ముందుకి కదులుతుంది. ఒక్కమాట లేదు, ఏడుపు లేదు, నేపథ్య సంగీతం హోరెత్తదు. ఆమె చదువుని మంచం కిందికి నెట్టింది మన చెయ్యే! కాపురానికొచ్చిన కొత్తలో బీరువాలో మీకు ఒక అర ఖాళీ చేసి ఇచ్చారా? ఇవ్వనివాళ్ళకి ఆ క్షణం చురుక్కుమంటుంది. తర్వాతి మకాం 2012లో. ఆమె మళ్ళీ పుట్టింటి గదికే వస్తుంది. ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

నేను చెప్పిన చేతి విద్య ఇదే. చెంపమీది నూగుకి అయ్యే ఖర్చులో ఆవగింజంత ఖర్చుతో అయింది ఈ మంచం కింది పటం. 2022లో బ్రిటన్ వారి బాఫ్టా బహుమతుల్లో కథనానికీ, ప్రేక్షకులు ఎన్నుకున్న ఉత్తమ క్రీడగానూ దానికి రెండు బహుమతులొచ్చాయి. లోపాలు లేవా అంటే ఉన్నాయి. చెంచాలూ గరిటెలూ సర్దిసర్ది నడిమధ్యలో విసుగొస్తుంది. ఇంట్లో చేసేది చాలక ఇక్కడ కూడానా అనిపిస్తుంది.

రెండోది ‘వెన్బా’. 2023లో కెనడాలోని టొరాంటోలో విసాయ్ గేమ్స్ అనే చిన్న బృందం చేసింది. 1980ల్లో కెనడాకి వలస వెళ్ళిన తమిళ ఇల్లాలి కథ. మన ఊళ్ళో ఉపాధ్యాయిని, అక్కడ సరైన ఉద్యోగం దొరకదు. చేతిలో తల్లి రాసిచ్చిన వంటల పుస్తకం. చిరిగి, మరకలు పడి, అక్కడక్కడ చెరిగిపోయింది. చెరిగినచోట ఏముండేదో ఊహించి మనం వండాలి. మొదటి వంట ఏమిటనుకున్నారు? ఇడ్లీ! రేకుల్ని ఒకదానిమీద ఒకటి ఎలా పేర్చాలన్నది అక్కడో చిక్కుముడి. తెల్లదొరలు దానికి బుర్రలు గోక్కుంటుంటే మనం కాలుమీద కాలేసుకుని ఆడెయ్యొచ్చు.

నవ్వు అక్కడితో సరి. కొడుకు పెరిగేకొద్దీ అమ్మ భాషకీ, అమ్మ వంటకీ దూరమవుతాడు. బళ్ళో తోటి పిల్లల ముందు డబ్బా తెరవడానికి సిగ్గు. పెద్దవాడయ్యాక ఆ పుస్తకం అతని చేతికొస్తుంది. అప్పుడు మన ఆట అతని చేతులతో. ఆ రాత సరిగ్గా చదవడం అతనికి రాదు. అమ్మ అవలీలగా చేసింది కొడుకు తడుముకుంటూ చేస్తాడు. డల్లాస్‌లోనూ న్యూజెర్సీలోనూ మనవళ్ళున్న తెలుగు అమ్మమ్మలకి, నానమ్మలకి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆట గంటన్నరలోపే అయిపోతుంది. వంటలు ఇంకో నాలుగుంటే బాగుండేదనీ, చిక్కుముళ్ళు మరీ తేలికనీ నా ఫిర్యాదు. ఆకలి తీరకముందే విస్తరి ఎత్తేశారు. అయినా 2024లో బాఫ్టా వారు తొలి ప్రయత్నాలకిచ్చే బహుమతి దీనికే ఇచ్చారు.

అలాగని చిన్నదల్లా బంగారమనీ, తక్కువ ఖర్చయితే చాలు గొప్పదవుతుందనీ అనుకుంటే పొరపాటు. స్టీమ్ అనే ఒక్క దుకాణంలోనే 2024లో 18 వేలకి పైగా కొత్త ఆటలొచ్చాయి. అందులో మనదాకా పేరు వినబడేవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్ళ శ్రమ ఏ గోతిలో పడిందో ఎవరూ తవ్వి చూడరు.

ఎరిక్ బరోన్ అనే అమెరికా యువకుడు ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ అనే పల్లెటూరి వ్యవసాయం ఆటని నాలుగున్నరేళ్ళు ఒంటిచేత్తో చేశాడు. బొమ్మలు, సంగీతం, మాటలు అన్నీ తనే. 2016లో వచ్చింది. 2024 చివరికి 4 కోట్ల ప్రతులు దాటి అమ్ముడయింది. “చూశారా, ఒక్కడే చేశాడు, ఖర్చే లేదు” అని అందరూ మెచ్చుకుంటారు. నిజానికి ఆ నాలుగున్నరేళ్ళలో అతను ఒక థియేటర్లో జనానికి సీట్లు చూపించే చిన్న ఉద్యోగం చేశాడు. ఇల్లు గడిచింది మాత్రం ముఖ్యంగా అతని సహచరి సంపాదన మీద. ఖర్చు లేకపోవడమేమిటి? ఆమె పెట్టింది, ఎవరూ పద్దు రాయలేదు, అంతే. మన ఇళ్ళల్లో జరిగే వ్యవహారమే!

ఫోన్లో ఉచితంగా దొరికే ఆటల సంగతీ ఒక్కమాట. ఉచితం అన్నారంటే ఖర్చు ఇంకో గుమ్మంలోంచి వసూలవుతుందని అర్థం. ఆట దొరుకుతుంది గాని, తుపాకీకి రంగు కావాలన్నా, బొమ్మకి కొత్త చొక్కా కావాలన్నా డబ్బు కట్టాలి. చొక్కా లేకపోతే తోటి పిల్లల్లో నామోషీ. లోపల ఏముందో చెప్పని మూసిన పెట్టె కూడా అమ్ముతారు. తీర్థంలో లాటరీ చీటీకీ దానికీ తేడా నాకు కనబడదు. పిల్లవాడి ఫోనుకి మీ బ్యాంకు ఖాతా తగిలించి ఉంటే ఇవాళే విప్పేయండి.

మధ్యే మార్గం లేకపోలేదు. ఫ్రాన్సులోని మోంపెలియేలో ముప్పైమంది ప్రాంతంలో ఉన్న స్టూడియో, బయటివాళ్ళ సాయం కొంత తీసుకుని, ‘క్లేర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33’ అనే ఆట 2025లో తెచ్చింది. 50 డాలర్లే. చూడ్డానికి వందల కోట్ల ఆటలకి తీసిపోదు. ఆ డిసెంబరులో ‘ది గేమ్ అవార్డ్స్’లో ఆ ఏటి మేటి ఆటగా ఎంపికయింది. అదే ఏడు సెప్టెంబరులో ఆస్ట్రేలియాలో ముగ్గురే ముగ్గురు చేసిన ‘హాలో నైట్: సిల్క్‌సాంగ్’ 20 డాలర్లకి వస్తే, కొనడానికి ఒక్కసారిగా ఎగబడ్డ జనం ధాటికి ఆ అమ్మే దుకాణాల కంప్యూటర్లే మొరాయించాయి. పిండి కొద్దీ రొట్టె చేసుకున్నవాళ్ళు వీళ్ళు.

పెద్ద ఆటలు ఉండకూడదని నేననను. ఊరంతా కలిసి చేసే కల్యాణం ఒకటి ఉండాల్సిందే. ఆ వైభవం చిన్నవాటికి రాదు. కాని ప్రతి ముత్తైదువా పేరంటానికి కల్యాణమండపమే కావాలంటే ఊళ్ళో పేరంటాలు ఆగిపోతాయి. వందల కోట్ల ఆట ఒకటి తప్పితే మూడు వందలమంది వీధిన పడతారని తెలిసినవాడు, మంచం కిందికి తోసిన డిగ్రీ పటంలాంటి ఊహ తట్టినా నోరు విప్పడు. ఆ చెప్పకుండా మింగేసిన ఊహలే ఈ ఖర్చులో అసలు నష్టం.

ఈసారి మీ అబ్బాయో, అమ్మాయో ఏదైనా ఆట కావాలని పేచీ పెడితే, బొమ్మలెంత బాగున్నాయని చూడకండి, ఎన్ని కోట్లతో తీశారని అడగకండి. “ఇందులో నీ చేత ఏం చేయిస్తారురా?” అని అడగండి. జవాబు చెప్పలేక నీళ్ళు నమిలితే ఆ 5,000 రూపాయలు మిగిలినట్టే. కళ్ళు మెరిపిస్తూ చెప్పడం మొదలుపెడితే మాత్రం, పక్కన కూచుని రెండో మీట మీరే అందుకోండి. ఆ గదిలోకి మనం కూడా రావాలని 1980లోనే ఒకాయన గుమ్మం తెరిచి పెట్టాడు.